ఆ నల్ల తెర ఎవరిది?

"సాహిత్యం పిల్లలకి అదెందుకమ్మా?" పరిశోధనా పద్ధతుల పేపర్లో కమాండ్ లైన్, షెల్ స్క్రిప్టింగ్ చేర్చమని ఎప్పుడడిగినా వచ్చే జవాబు ఇదే. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలన్న సంగతి ఆ ప్రశ్నలోనే దాగుంది. ఇంజినీరింగ్ కుర్రాళ్ల గురించి ఎవరూ ఇలా అడగరు.

ఏమిటా బ్రహ్మవిద్య? తెర మీద బొమ్మలు నొక్కే బదులు మాటల్లో ఆదేశం రాయడం. ఆ ఆదేశాల్ని వరసగా ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటే షెల్ స్క్రిప్టు. ఇది మొదట్నించీ రాతకోతల చుట్టూ పెరిగిన విద్యే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్‌ని 1971లో రోజువారీ పనికి వాడుకున్న తొలి వ్యక్తులు అక్కడి పేటెంటు విభాగం టైపిస్టులు. అక్కడే లొరిండా చెర్రీ, 'రైటర్స్ వర్క్‌బెంచ్' అనే పనిముట్లు తయారు కావడంలో ముఖ్యపాత్ర వహించింది. వాటిలో లింగవివక్ష ఉన్న మాటల్ని పట్టుకుని, బదులు మాట సూచించే ఆదేశం కూడా ఉండేది. పేరు 'సెక్సిస్ట్'! ఈ చరిత్ర మనకెవరు చెప్పారు?

ఇటలీలో ఫాదర్ రొబెర్తో బూసా థామస్ అక్వినాస్ రచనలకు కంప్యూటర్ పదసూచి చేయించాడు. పంచ్ కార్డుల మీద కూర్చున్నది ఎక్కువగా యువతులు. సంపుటాల మీద పేరు ఆయనది. ఆ యువతులెవరో దశాబ్దాల తర్వాత పరిశోధకులు వెతికితే గానీ తెలియలేదు. మన శాఖల్లో డీటీపీ, ప్రూఫులు, స్కానింగ్ ఎవరి పని? 'టెక్నికల్ సైడు' ఎవరిది?

ఈ విద్య క్లాసులో కంటే రాత్రిపూట ల్యాబులో, పక్కవాడి తెర చూసి ఎక్కువగా వస్తుంది. ఆ వేళకి అమ్మాయిల హాస్టలు గేటు మూసేసి ఉంటుంది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' అంటూ నిలదీసింది ఈ గేట్లనే. గేటు వేసినవాళ్లే తర్వాత "ఆడపిల్లలకి టెక్నికల్ బుర్ర ఉండదు" అంటారు.

1902లో మొదలైన హిందూ సుందరి, 1928లో వచ్చిన గృహలక్ష్మి లాంటి పత్రికల్లోని రచనల్ని యూనికోడ్‌లో టైపు చేసుకున్నామనుకోండి. గ్రెప్ అనే ఆదేశంతో 'వితంతు' అని వెతికితే వితంతువు, వితంతువులు, వితంతు వివాహం అన్నీ, ఏ పంక్తిలో ఉన్నాయో చెప్పి మరీ ముందుకొస్తాయి. 'భర్త' అని వెతికితే మాత్రం ఉద్యోగాల భర్తీ కూడా వచ్చి కూర్చుంటుంది. (భర్త అంతే, పిలవని చోటికీ వస్తాడు.) భర్తీని తీసేసి మొగుడు, పెనిమిటి, మావారు, ఆయన కలపాలి. ఆ 'ఆయన' భర్తా, మామగారా? అక్కడ గ్రెప్ చేతులెత్తేస్తుంది. తేల్చాల్సింది తెలుగు చదివినవాళ్లే.

"లెక్కపెట్టడం చదవడం కాదు" అని నా స్నేహితురాళ్లే అంటారు. కాదు, నిజమే. కానీ "ఆడవాళ్లు దీని గురించి రాయనేలేదు" అని పెద్దలు తేల్చేసినప్పుడు ఏ సంచికలో ఎన్నిచోట్ల రాశారో చూపించాలంటే లెక్కే కావాలి. పైగా ఏ మాటలు కలిపానో, ఏవి వదిలానో స్క్రిప్టులో కనబడుతుంది. మరో పరిశోధకురాలు దానితో పోట్లాడొచ్చు. మీటలు నొక్కే సాఫ్ట్‌వేర్‌లో ఆ నిర్ణయాలు ఇంకెవరో ముందే చేసేసి ఉంటారు.

నాకు అన్నిటికంటే భయం మన పాత ఫైళ్ల గురించి. స్త్రీల రచనలెన్నో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. తెర మీద తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల కోడ్లు. అక్కడ 'వితంతు' అని వెతికితే ఒక్కటీ దొరకదు. ఏ కోడు ఏ అక్షరమో, ఏ ఒత్తు దేనికింద చేరాలో రాసుకుంటూ పోయి, వాటిని యూనికోడ్‌లోకి మార్చే స్క్రిప్టు కావాలి. సీడీలు పాడైపోతున్నాయి. ఈ ఏడు సిలబస్ సమావేశంలో ఇరవై గంటలు అడుగుతున్నాం, ల్యాబు తాళం, హాస్టలు గేటు కూడా. మీ మీ శాఖల్లో మీరూ అడగండి.