ప్లస్ ఉంటే సరిపోదు

"స్విచ్ కాడ మీద ప్లస్ ఉందా? ఉంటే ఏ కీక్యాపైనా కూర్చుంటుంది." మేడ్చల్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ హాస్టళ్లలో కీబోర్డుల పిచ్చి పట్టిన కుర్రాళ్ల మాట ఇది. శామీర్‌పేట విల్లాల్లో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ల నమ్మకమూ ఇదే. డబ్బా మీద 'ఎమ్ఎక్స్ కంపాటిబుల్' అని అచ్చేసే అమ్మకందార్లకు ఇంతకన్నా ఏం కావాలి? మాట అబద్ధం కాదు, సగమే నిజం. ఆ సగం నిజానికే మనం వేలు పోస్తున్నాం.

చెర్రీ సంస్థ 1980లలో తెచ్చిన ఎమ్ఎక్స్ స్విచ్ కాడది ప్లస్ ఆకారం. పేటెంటు గడువు తీరాక గేటరాన్, కైల్ లాంటి చైనా సంస్థలూ అదే కాడ పెట్టాయి. కాబట్టి క్యాపు దిగుతుంది. దిగాక సంగతేమిటి? స్విచ్‌లో లైటు పైవైపున్న బోర్డు మీద చెర్రీ ప్రొఫైల్ అనే ఆకారపు క్యాపులు వేస్తే, కొన్ని వరసల్లో క్యాపు లోపలి అంచు స్విచ్ ఒంటికి తగులుతుంది. చప్పుడు చెడుతుంది, మీట పూర్తిగా దిగదు.

వెడల్పు ఇంకో తంటా. పెద్ద కీబోర్డులో కుడి షిఫ్టు 2.75 యూనిట్లు, 65 శాతం అనే చిన్న బోర్డుల్లో చాలావాటికి 1.75 మాత్రమే. యూనిట్ అంటే 19.05 మిల్లీమీటర్లు. కొన్న క్యాపుల సెట్టులో ఆ పొట్టి షిఫ్టు లేకపోతే పాత క్యాపే గతి. స్పేస్‌బార్ సాధారణంగా 6.25, కొన్నిటికి 7.

స్విచ్‌ల విషయానికొస్తే, అయస్కాంత స్విచ్‌కీ ప్లస్ కాడే ఉంటుంది. మామూలు బోర్డులో అది పనిచేయదు, కరెంటు కలిపే లోహపు కాళ్లే దానికి లేవు. కైల్ చాక్ అనే పొట్టి స్విచ్ మొదటి రకానికైతే ప్లస్సే లేదు, రెండు గాట్లుంటాయి. ఐదు కాళ్ల స్విచ్ మూడు కాళ్ల బోర్డులో పట్టలేదని మాత్రం బెంగపడకండి. అదనపు ప్లాస్టిక్ కాళ్లు రెండూ నెయిల్ కట్టర్‌తో తీసేయొచ్చు.

"కుదరకపోతే వెనక్కి పంపేస్తాం" అంటారు. సీలు విప్పిన సెట్టును అందరూ తీసుకోరు. కొంపల్లి, సుచిత్ర ట్రాఫిక్ దాటుకుని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాలకు వెళ్లినా, ప్రతి డబ్బా విప్పి మీ బోర్డు మీద పెట్టి చూపించరు.  

కొనేవాళ్లు ముందు తమ బోర్డు కింది వరస, కుడి షిఫ్టు కొలవండి, లైటు ఏ వైపుందో చూడండి. రంగు సంగతి ఆ తర్వాత. అమ్మేవాళ్లూ, 'కంపాటిబుల్' పక్కన ఏయే వెడల్పుల క్యాపులున్నాయో అచ్చేయండి.