దుకాణం నంబరు ఎవరి జేబులో ఉంది?

ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో పత్తి బండ్లు కాంటా ఎక్కేలోపే జిన్నింగ్ మిల్లు యజమాని నలుగురితో మాట్లాడేసి ఉంటాడు. దూది క్యాండీ, అంటే 356 కిలోలు, ఎంత పలుకుతోంది? గింజల రేటెంత? మహారాష్ట్ర బ్రోకర్ ఏమంటున్నాడు? సంతకాలు తర్వాతి సంగతి, బేరం తెగేది నోటి మాట మీదే. చైనాకు టాన్ బ్రౌన్ రాళ్లు పంపే కరీంనగర్ గ్రానైట్ వ్యాపారికైనా, లారీల కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వెంటపడే సుల్తానాబాద్ రైస్ మిల్లరుకైనా ఇదే తీరు. ఈ మాటల్లో చాలావరకు ఇప్పటికే ఇంటర్నెట్ మీదే నడుస్తున్నాయి, వాట్సాప్ కాల్స్‌గా.

చిక్కల్లా ఆ వాట్సాప్ గుమాస్తా సొంత ఫోన్లో ఉండటమే. అతను జీతం చాలక పక్క మిల్లుకు మారితే కొనుగోలుదారుల పరిచయాలన్నీ అతని వెంటే పోతాయి. రేటు మీద పేచీ వస్తే ఎవరు ఏమన్నారో చెప్పే రికార్డు ఉండదు. లక్షల సరుకున్న గోదాముకు రెండు తాళాలు వేసే సేటు, ఆ సరుకును అమ్మిపెట్టే నంబరును మాత్రం ఇంకొకరి జేబులో వదిలేస్తున్నాడు!

ఇంటర్నెట్ మీద నడిచే సిప్ ఫోన్ లైను ఉన్నది దీనికే. నంబరు దుకాణం పేరున ఉంటుంది. కాల్ ముందు కౌంటర్లో మోగుతుంది. అక్కడ ఎత్తకపోతే గోదాములో, అక్కడా లేకపోతే యజమాని మొబైల్లో. కావాలనుకుంటే రికార్డవుతుంది. దీనికి ఖరీదైన పెట్టెలేమీ అక్కర్లేదు. మార్క్ స్పెన్సర్ 1999లో రాసిన ఆస్టెరిస్క్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు కంప్యూటర్నే ఎక్స్ఛేంజీగా మార్చేస్తుంది. బీఎస్ఎన్ఎల్ పాత రాగి తీగ నంబరును ఫైబర్‌కు మార్చుకున్నవాళ్లు తెలియకుండానే ఈ దారిలో సగం దూరం వచ్చేశారు. ఆ ల్యాండ్‌లైన్ మాట కూడా ఇంటర్నెట్ ప్రోటోకాల్ మీదే ప్రయాణిస్తుంది.

మరి ఈ లైన్లు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే, తప్పంతా వ్యాపారులది కాదు. 2002 ఏప్రిల్‌లో మన దేశం ఇంటర్నెట్ ఫోన్‌కు తలుపు ఓరగా తెరిచింది. కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్‌కు మాట్లాడొచ్చు గానీ, పక్క ఊరి ఫోన్‌కు కలపకూడదు. కరీంనగర్ నుంచి దుబాయ్‌కి సరే, జమ్మికుంటకు కుదరదన్నమాట. ఆ వింత నిబంధన 2018 జూన్‌లో లైసెన్సు షరతులు సవరించేదాకా పోలేదు. కాల్ సెంటర్ల రిజిస్ట్రేషన్ బాదరబందీని కేంద్రం 2020 నవంబర్, 2021 జూన్ మార్గదర్శకాలతో వదిలించింది. లైసెన్సు లేకుండా విదేశీ ఇంటర్నెట్ కాల్స్‌ను లోకల్ సిమ్‌ల మీదికి దించే సిమ్ బాక్సుల దందా మాత్రం నేరమే. అనుమతి లేకుండా టెలికాం సేవలు నడిపితే 2023 చట్టం కింద మూడేళ్ల జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. గల్ఫ్ కాల్స్ ఎక్కువగా వచ్చే ఈ జిల్లాల్లో ఎవరైనా 'చవక లైను' ఇస్తామంటే ముందు లైసెన్సు అడగాలి.

వాట్సాప్ ధీమా కూడా ఇక పాతలా ఉండదు. సిమ్ ఉన్న ఫోన్లోనే యాప్ పనిచేయాలని, కంప్యూటర్ మీది వెర్షన్ ఆరు గంటలకోసారి లాగౌట్ కావాలని 2025 నవంబర్‌లో టెలికాం శాఖ ఆదేశించింది. మోసాలను ఆపడానికే కావొచ్చు, కానీ ఒకే నంబరును ఆఫీసు కంప్యూటర్లో తెరిచి నెట్టుకొస్తున్న చిన్న వ్యాపారికి అది తలనొప్పే.

ఉత్తర తెలంగాణకు నెట్ స్పీడ్ చాలదన్న మాట ఇక్కడ వర్తించదు. మాటను డిజిటల్ సంకేతాలుగా మార్చే కోడెక్ స్పష్టమైనదే వాడినా, ఒక కాల్‌కు రెండు వైపులా సెకనుకు సుమారు 87 కిలోబిట్ల చొప్పున సరిపోతుంది. పది కాల్స్ ఒకేసారి నడిచినా ఒక మెగాబిట్ నిండదు. కావాల్సింది నిలకడ. మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడటం మొదలుపెడతారు. మాటను మోసే డేటా ప్యాకెట్లు ముందూ వెనకా పడితే 'ఏడువేలా, ఏడువందలా?' అని మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తుంది. రేటు మాట్లాడేచోట అది నవ్వులాట కాదు. పాత ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచే వచ్చేది, గాలివానకు ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ ఫోన్‌కు ఆ సౌకర్యం లేదు. మోడెమ్‌కు, రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోని మిల్లు ఈదురుగాలి వచ్చిన సాయంత్రం మూగబోతుంది.

ప్రభుత్వాల చూపు మాత్రం భవనాల మీదే నిలిచింది. కరీంనగర్‌లో 2020 జులైలో ఐటీ టవర్ ప్రారంభమైంది. ఆదిలాబాద్‌లో బీడీఎన్‌టీ ల్యాబ్స్ లాంటి ఐటీ సంస్థ వచ్చింది. ఊళ్లోనే ఉద్యోగం దొరికిన యువతకు అది మేలే, కాదనలేం. కానీ సిరిసిల్ల మరమగ్గాల ఆసామికి, జగిత్యాల మామిడి వ్యాపారికి ఆ అద్దాల మేడతో పనేముంది? మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంబడి వేసిన టీ-ఫైబర్ ఇంటర్నెట్ తీగ వాళ్లకు దగ్గర. 2024 డిసెంబర్‌లో ప్రయోగాత్మకంగా కనెక్షన్లు ఇచ్చిన నాలుగు గ్రామాల్లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. అక్కడ టీవీ, ఇంటర్నెట్ గురించే ఎక్కువ చెప్పారు.

అదే తీగ మీద మార్కెట్ యార్డులకు, మిల్లులకు విడిగా ఒక పథకం ఇవ్వొచ్చు. లైసెన్సున్న ఆపరేటర్‌తో కలిసి కరీంనగర్ 0878, ఆదిలాబాద్ 08732 లాంటి ఎస్‌టీడీ కోడ్‌లతో దుకాణం పేరున నంబర్లు ఇవ్వాలి. మాట ప్యాకెట్లకు మిగతా ట్రాఫిక్ కన్నా ముందు దారి వదలాలి. తీగ తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారో ఒప్పందంలో రాయాలి. మొదట ఆదిలాబాద్, జమ్మికుంట యార్డుల్లో చేసి చూడొచ్చు. పత్తి సీజను అక్టోబరులో ఊపందుకుంటుంది కాబట్టి లైన్లు ఆ ముందు వానాకాలంలోనే పడాలి, తీగలు ఎక్కడ తెగుతాయో కూడా అప్పుడే తెలుస్తుంది.