సంచితో పాటు ఇంకేం తీశారు?

అంబాజీపేటలో కొబ్బరి వలిచే పాక కానివ్వండి, రాజోలు బస్టాండు కానివ్వండి, నలభై దాటిన నలుగురు ఆడవాళ్లు చేరితే మాట ఎక్కడెక్కడో తిరిగి “సంచి తీయించేసుకున్నావా?” అన్న దగ్గరికి వస్తుంది. పిల్లలు పుట్టేశారు, ఇంక దాంతో పనేముందన్నది లెక్క. నెలనెలా నాలుగు రోజుల కూలి పోగొట్టుకోలేని మనిషిది ఆ లెక్క. కుర్చీలో కూర్చుని దాన్ని తప్పనేయడం మనకి తేలికే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది.

సంచి గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, దాని పక్కనున్న అండాశయాల ఊసెత్తం. డిశ్చార్జి కాగితం రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో భద్రంగానే ఉంటుంది. అందులో ‘టీఏహెచ్’ అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని. పక్కన ‘బీఎస్ఓ’ అని మరో మూడక్షరాలుంటే రెండు అండాశయాలూ, వాటి నాళాలూ కూడా పోయాయని. ఆ మూడక్షరాలూ ఆవిడకి ఎవరు చదివి చెప్పాలి?

అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ పిల్లలు పుట్టడానికే కాదు. గుండెకీ, ఎముకకీ, మెదడుకీ అది కావాలి. కణం లోపలున్న మైటోకాండ్రియా మీద కూడా దాని చెయ్యి ఉంటుంది. కణానికి ఇంధనమైన ఏటీపీ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. ఏటీపీ అంటే గోదావరి వాళ్లకి పరాయిదేం కాదు: 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దాని సంగతి లోకానికి చెప్పారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు.

మైటోకాండ్రియా దెబ్బతింటే, అర్ధరాత్రి కరెంటు పోయి రొయ్యల చెరువులో ఏరేటర్లు ఆగిపోయినట్టే. ఎక్కువ సేపు ఆగదు చావు. రక్తం అందక ఇబ్బంది పడే నాడీకణంలోకి కాల్షియం హద్దు మీరి వచ్చిపడుతుంది. మైటోకాండ్రియా పొర మీదుండే విద్యుత్ తేడా పడిపోతుంది. సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికి కారుతుంది, దాంతో కణం తనను తానే చంపుకోవడం మొదలుపెడుతుంది. ప్రయోగశాలలో ముందుగా ఈస్ట్రోజెన్ అందిన కణాల్లో ఆ పొర ఎక్కువ సేపు నిలబడింది, కాల్షియం పోటు తగ్గింది, సైటోక్రోమ్ కారడం తగ్గింది.

కణాల్లో కనిపించినదంతా మనిషిలో జరగాలని లేదు. అయినా అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 2007లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. ముట్లుడగక ముందే అండాశయాలు తీయించుకున్న ఆడవాళ్లలో, తరవాతి కాలంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడం, మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించాయి. ఎంత చిన్న వయసులో తీస్తే ముప్పు అంత ఎక్కువ.

అలాగని మందుల షాపుకెళ్లి ఈస్ట్రోజెన్ బిళ్లలు కొనుక్కోమని కాదు. అమెరికాలోనే వేలమంది మీద జరిపిన హార్మోన్ల పరీక్షని, రొమ్ము క్యాన్సర్, పక్షవాతం పెరుగుతున్నాయని 2002లో మధ్యలోనే ఆపేశారు. 65 దాటాక ఆ మాత్రలు మొదలుపెట్టినవాళ్లలో మతిమరుపు తగ్గలేదు సరికదా, పెరిగింది. వయసులో ఉండగా సొంత అండాశయం ఇచ్చేది వేరు, ఎప్పుడో ఆగిపోయాక బిళ్ల ఇచ్చేది వేరు. క్యాన్సర్ ఉన్నా, వచ్చే భయం గట్టిగా ఉన్నా అండాశయాలు తీయక తప్పదు. అది డాక్టరు చెప్పాల్సిన మాట. ఏ జబ్బూ లేనివాటిని మాత్రం ‘ఎలాగూ కోశాం కదా’ అని తీసేయడం ఎందుకు? చిన్న వయసులోనే రెండూ తీసేయాల్సి వస్తే, వద్దనడానికి కారణం లేనప్పుడు, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వడం వైద్యంలో ఉన్న పద్ధతే. అయితే తనకి ఏం తీశారో తెలియని మనిషి ఆ మాత్ర కోసం ఎవర్ని అడుగుతుంది?

ఆపరేషన్‌కి ముందు సంతకమో వేలిముద్రో వేయించుకునే కాగితం మీద ‘అండాశయాలు ఉంచుతాం’, ‘తీసేస్తాం, కారణం ఇది’ అన్న రెండు వరసలు తెలుగులో అచ్చేసి, ఏదో ఒకదానికి టిక్కు పెట్టి, ఇంటాయనకి కాదు, ఆవిడకే చదివి వినిపించడానికి ఏ ఆసుపత్రికైనా పట్టేది ఐదు నిమిషాలు.