ఫోనుకొచ్చిన జరిమానా

ఉయ్యూరు నుంచో పామర్రు నుంచో బెజవాడ వెళ్లివచ్చిన రైతు సెల్‌ఫోనుకు కొన్నాళ్లకు కబురొస్తుంది, బండి అతివేగంగా నడిపినందుకు చలానా అని. దారిలో ఆపిన పోలీసు లేడు, అడిగినవాడూ లేడు. మొదటిసారి అందుకున్నవాడు బెంబేలు పడటం సహజమే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం చిన్న వాహనాలకు ఈ జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయల దాకా ఉంటుంది. కూలికి వెళ్లే ఇంటికి అది తక్కువ సొమ్ము కాదు.

అయినా జరిమానా వద్దనడానికి లేదు. బందరు రోడ్డు మీద వడ్లబస్తాల ట్రాక్టరు, దాటుతున్న గేదె, వేగంగా వచ్చేవాడికి ఆఖరి క్షణం దాకా కనబడవు. అయితే కెమెరా ఉన్నచోట హెచ్చరిక బోర్డు కనబడేలా పెట్టాలనీ, చలానా మీద ఫోటో, నమోదైన వేగం, చోటు, సమయం ఉండాలనీ కేంద్రం 2021లోనే నిబంధన చేసింది. ఆ బోర్డులు తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండేలా అధికారులు చూడాలి. చెప్పి వేసిన జరిమానాకు ఎవరూ ఏడవరు.

మరో చిక్కుంది. పల్లెల్లో తెల్లకాగితం మీద రాసుకుని బండ్లు అమ్మేస్తారు, రికార్డులో పేరు మార్చరు. నడిపింది ఎవరైనా చలానా పాత యజమానికే వస్తుంది. పేరు మార్పిడి కోసం రవాణా శాఖ మండల కేంద్రాల్లో నెలకో రోజు శిబిరం పెడితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది.