మాట నెగ్గనివాళ్లు మళ్లీ వచ్చారా?

కొండపల్లి బొమ్మను ఒకే చెక్కలో చెక్కరు. తెల్ల పొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా మలుస్తారు. చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన రంగులు పడ్డాక అతుకు కనపడదు. కానీ బొమ్మ నిలబడేది దానిమీదే!

తెలుగు వికీపీడియా కూడా అలాంటి అతుకుల పనే. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన ఈ విజ్ఞానసర్వస్వాన్ని రాసేది జీతగాళ్లు కాదు... ఉద్యోగాలూ చదువులూ చూసుకుంటూ తీరికవేళల్లో కూర్చునే మామూలు మనుషులు. ఎవరైనా రాయొచ్చు. దాన్ని ఇంకెవరైనా దిద్దొచ్చు.

మరి ఇద్దరికీ పేచీ వస్తే?

కొండపల్లినే తీసుకోండి. 2022 ఏప్రిల్‌ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఈ ఊరు కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్‌ జిల్లాలోకి వెళ్లింది. పాత సంగతులు చెప్పేచోట జిల్లా పేరు మార్చాలని ఒకరు, 'అప్పటికి ఆ జిల్లానే లేదుగా' అని ఇంకొకరు పట్టుబట్టారనుకుందాం. ఒకరు రాసింది మరొకరు చెరిపేస్తూ పోతే తెమిలేదెప్పుడు? 'ఇక చాలు' అని గదమాయించడానికి అక్కడ యజమాని లేడే!

అందుకే ప్రతి వ్యాసం వెనకా ఓ చర్చాపేజీ ఉంటుంది. అందరికీ సంబంధించిన విషయమైతే 'రచ్చబండ' దగ్గరికి చేరుతుంది. పేరే కాదు, పద్ధతీ పల్లెదే. అక్కడ తలలు లెక్కపెట్టడంకన్నా కారణాలు చెప్పి ఒప్పించడానికే పెద్దపీట. నిర్వాహకులను సభ్యులే ఎన్నుకుంటారు. పేజీలు తొలగించే, అల్లరి చేసేవాళ్లను నిలువరించే తాళాలు వాళ్ల దగ్గరుంటాయి. అంతే... వాదనలో మాత్రం వాళ్ల మాటా అందరి మాటతో సమానమే.

కంప్యూటర్‌ చదువుల పిల్లలున్న ఇళ్లలో పైథాన్‌ పేరు వినే ఉంటారు. ఎందరో స్వచ్ఛందంగా మెరుగులు దిద్దే ఓపెన్‌సోర్స్‌ భాష అది. పాతికేళ్లకు పైగా అందులో ఆఖరి మాట సృష్టికర్త గిడో వాన్‌ రోసమ్‌ది. 2018లో ఓ చిన్న మార్పుమీద రేగిన వాదోపవాదాలతో విసిగి ఆయన ఆ పెద్దరికాన్ని వదులుకున్నారు. పనిచేసేవాళ్లే ఓటేసి ఐదుగురి మండలిని ఏర్పాటుచేసుకున్నారు. ఒకే సంస్థ ఉద్యోగులు అందులో ఇద్దరికి మించకూడదన్నది నియమం.

ఇంత తతంగం ఎందుకంటారా? ఆఫీసులో మాట నెగ్గకపోయినా జీతం కోసమైనా మర్నాడు వెళ్లక తప్పదు. ఇక్కడ మనసు నొచ్చుకున్నవాళ్లు కంప్యూటర్‌ ఆపేసి లేచిపోతే అడిగేవారుండరు. ఆగిపోయేది మాత్రం మన ఊరి గురించి మన భాషలో రావాల్సిన వ్యాసం! కాబట్టి నిర్ణయం మంచిదో కాదో తేల్చే పరీక్ష ఒక్కటే... మాట నెగ్గనివాళ్లు మర్నాడు మళ్లీ పనిలోకి వచ్చారా?

అపార్ట్‌మెంటు సంఘానికైనా, వినాయకచవితి కమిటీకైనా ఇదే సూత్రం. చెక్క ఎంత మంచిదైనా సరే, మక్కు ఆరేదాకా ఓపిక పట్టకపోతే ఏనుగు తొండం ఊడి చేతికొస్తుంది!