పాఠ్యపుస్తకంలో లేని పుటలు

ప్రభుత్వ దస్త్రం నుంచి ఒక్క కాగితం తీయాలన్నా ఎవరి ఉత్తర్వుపై, ఏ కారణంగా తీశారో రాసి సంతకం పెట్టాలి. పుట సంఖ్యల వరుస తప్పితే సంజాయిషీ తప్పదు. దశాబ్దాలపాటు గుమాస్తాగిరీ చేసిన మాకు, నేటి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలను చూసినప్పుడల్లా ఆ నియమమే గుర్తుకు వస్తున్నది.

కరోనా అనంతరం విద్యార్థుల భారం తగ్గించే పేరిట 2022లో పన్నెండో తరగతి చరిత్ర నుంచి మొగల్ దర్బారుల అధ్యాయాన్ని తొలగించారు. తొలగింపుల జాబితాను ప్రకటించారు కూడా. కాని 2023లో కొత్త ప్రతులు చేతికి వచ్చాక, జాబితాలో లేనివీ మాయమైనట్లు బయటపడింది. గాంధీజీ హత్యానంతరం ఆర్.ఎస్.ఎస్.పై విధించిన నిషేధం ప్రస్తావన పోయింది. పదకొండో తరగతి రాజనీతిశాస్త్రంలో, రాజ్యాంగసభ కమిటీలకు అధ్యక్షత వహించినవారి వరుసలో మౌలానా ఆజాద్ పేరు పోయింది. ఈ దేశపు తొలి విద్యామంత్రి ఆయన! ఆయన జన్మదినమైన నవంబరు 11ననే జాతీయ విద్యాదినోత్సవం జరుపుతున్నాము. జాబితాకు ఎక్కించకపోవడం పొరపాటు కావచ్చునని అధికారులు అన్నారు, తీసిన పంక్తులను మాత్రం తిరిగి చేర్చలేదు.

2025లో వచ్చిన ఎనిమిదో తరగతి పుస్తకం బాబరు, ఔరంగజేబుల క్రూరత్వాన్ని వివరిస్తూనే, గతానికి నేటివారెవరూ బాధ్యులు కారని ఒక గమనిక చేర్చింది. మంచి మాటే. తరగతి గదిలో తోటివారు వేలెత్తి చూపినపుడు మన పిల్లవాడికి ఆ గమనిక ఎంతవరకు అక్కరకు వస్తుంది?

మొగలులను పొగడమని మేము కోరడం లేదు. ఔరంగజేబు 1679లో జిజియాను తిరిగి విధించాడు, కాశీ, మథురలలో ఆలయాలను కూల్పించాడు. ఇవి చెప్పవలసినవే. శివాజీపైకి ఆయన పంపిన సేనాని రాజపుత్రుడైన మీర్జా రాజా జైసింగ్ అన్నదీ చెప్పవలసినదే.

మనవారితోనూ ఒక మాట. రజాకార్ల ఆగడాల ప్రసక్తి వస్తే మనలో కొందరు మాట మారుస్తారు. దాచవద్దు. ఆ ఆగడాలు తెలిస్తేనే, వాటిని ఖండిస్తూ 'ఇమ్రోజ్' పత్రికలో రాసి 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురైన సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరో మన పిల్లలకు అర్థమవుతుంది.

తొలగించిన భాగాలతో కేరళ ప్రభుత్వం 2023లోనే అనుబంధ పుస్తకాలు వెలువరించింది. మన రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆ పని చేయాలని కోరుతున్నాము. ఈలోగా పాఠకులు తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినపుడు, పాత ప్రతి ఒక్కటైనా బడి గ్రంథాలయంలో ఉన్నదేమో అడగండి. లేకుంటే సంపాదించి ఇవ్వడం మన స్థానిక సంఘాలకు పెద్ద ఖర్చేమీ కాదు.