ఒకే సరుకు, ఒకే వాకిలి

భైంసా జిన్నింగు మిల్లులలో గింజ వీడిన పత్తి ఏ దేశపు బజారులో చొక్కాగా అమ్ముడవుతుందో నిర్మల్ రైతుకు కానరాదు. అయినా అతని చేతికందే ధరలో ఆ బజారు కట్టుబాట్లకూ వాటా ఉన్నది.

భారత పత్తిని, నూలును అధికంగా కొనే దేశాలలో బంగ్లాదేశ్ ఒకటి. అక్కడ పండే పత్తి బహు స్వల్పం. ఎగుమతుల ఆదాయంలో మాత్రం నూటికి ఎనభై పాళ్లకు పైగా కుట్టిన దుస్తులదే. వాటిలో సగం దాకా ఐరోపా సమాఖ్యకు పోతాయి. కారణమేమి? 2001లో ఆ సమాఖ్య అత్యంత వెనుకబడిన దేశాల సరుకులన్నింటికీ, ఆయుధాలు తప్ప, సుంకం ఎత్తివేసింది. బట్ట ఎక్కడ నేసినా కుట్టుపని ఆ దేశంలో జరిగితే చాలునని 2011లో మరింత సడలించింది.

ఆ వెనుకబడిన దేశాల జాబితా నుండి బంగ్లాదేశ్ వెలుపలికి రావడానికి ఐక్యరాజ్య సమితి 2021లో నిర్ణయించిన తేదీ 2026 నవంబరు 24. ఆపై ఐరోపా ఇచ్చే వెసులుబాటు మూడేండ్లు. తరువాత కొత్త రాయితీ కావాలంటే నేత కూడా స్వదేశంలోనే జరగాలి. రాయితీ దక్కకుంటే సుంకం పది శాతం దరిదాపులకు చేరుతుంది. పోటీదారైన వియత్నాం 2020 ఆగస్టు నుండే ఐరోపాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాన్ని అనుభవిస్తున్నది. సార్క్ దేశాల ఒప్పందం 2006 నుండి అమలులో ఉన్నా, ఇరుగుపొరుగు వ్యాపారం ఆ లోటు పూడ్చేంతగా పెరగలేదు.

హజ్రత్ ఉమర్ (రజి) మదీనాకు గోధుమలు, నూనె తెచ్చే నబతీ వర్తకుల నుండి పదో వంతుకు బదులు ఇరవయ్యో వంతే తీసుకునేవారు. ఆ సరుకు నగరానికి ఎక్కువగా రావాలన్నది వారి ఉద్దేశమని ఇమామ్ మాలిక్ (రహ్మ) మువత్తాలో తెలిపారు. సుంకం తగ్గించేవారు తమ అవసరాన్ని చూసుకొనే తగ్గిస్తారు. తగ్గించే చేతికి పెంచే అధికారమూ ఉంటుంది. కనుక రాయితీని ఆస్తిగా కాక, గడువుగా ఎంచాలి.

ఆ గడువులో బంగ్లాదేశ్ మగ్గాలు పెంచుకుంటే మన పత్తికీ నూలుకూ గిరాకీ పెరగవచ్చు. కుట్టుశాలలు మూతపడితే అక్కడి పేద స్త్రీల కూలి ముందు పోతుంది, పిదప మన రైతు ధర కుంగుతుంది.

పాఠకులారా! మన నిర్మల్‌లో గల్ఫ్ నుండి వచ్చే ఒక్క జీతంపై నడిచే ఇండ్లెన్నో ఉన్నాయి. ఆ వాకిలి తాళంచెవి కూడా పరాయి చేతిలోనిదే. జీతం వచ్చే నాళ్లలోనే పిల్లలకొక విద్య, ఇంటివారికొక పని సమకూర్చుకోవాలని మా మనవి.